అన్నం తగ్గించారు సరే, మాత్ర సంగతి?

ప్రశ్న: మా వారి వయసు 54. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లయింది. ఉదయం, రాత్రి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర, బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.6 వచ్చిందని అన్నం మాన్పించాను. మూడు నెలలు పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గ్లాసుడు కొర్రలు వండి, రాత్రి నాలుగు చపాతీలు పెట్టాను. ఏమీ తగ్గలేదు. విసిగిపోయి మూడు వారాలుగా ఆయన అవి కూడా మానేసి ఉత్త కూర, గుడ్లు తింటున్నారు. తిన్నాక చూస్తే షుగర్ బాగానే ఉంటోంది. కానీ రెండుసార్లు మధ్యాహ్నం భోజనానికి ముందు ఒళ్లంతా చెమటలు పట్టి చేతులు వణికాయి. పరగడుపున మాత్రం 150 దిగడం లేదు. కడుపులో మంట, మలబద్ధకం కొత్తగా మొదలయ్యాయి. ఇంట్లో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. ఆయనకొకటి, మాకొకటి వండలేకపోతున్నాను. ఏం వండాలి, ఎంత పెట్టాలి?
ఒక పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: వంట కంటే ముందు ఆ చెమటల సంగతి చూద్దాం. అది నీరసం అనుకుని వదిలేయకండి. మీరు రాసిన తీరు చూస్తే షుగర్ పడిపోయినట్టే ఉంది. గ్లిమిపిరైడ్ పని క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయించడం. ఆ పూట మనిషి ఏం తిన్నాడన్నది దానికి పట్టదు. ఆ మోతాదు రాసిన రోజున డాక్టరు గారి లెక్కలో మీ వారి పళ్లెంలో అన్నం ఉంది. ఇప్పుడు అన్నం పోయింది, మాత్ర అలాగే ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఇలా జరగడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి, ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు చెప్పకుండా పిండిపదార్థాలు ఒక్కసారిగా కోసేస్తే జరిగేది ఇదే.

అందుకని రేపటిదాకా ఆగకుండా ఇవాళే డాక్టరు గారికి ఫోన్ చేసి, తిండి ఎప్పటి నుంచి ఎంత తగ్గిందో, చెమటలు ఎన్నిసార్లు, ఏ వేళకు పట్టాయో చెప్పండి. గ్లిమిపిరైడ్ తగ్గించడమో తీసేయడమో ఆయన చేయాల్సిన పని. మీరు సొంతంగా మాత్ర విరిచి సగం చేయకండి. కొన్ని మాత్రలు మందు మెల్లగా వదిలేలా చేసినవి, విరిస్తే ఆ లెక్క తప్పుతుంది. ఆయన ఏ సంగతీ చెప్పేదాకా మీ వారు ఏ పూటా పిండిపదార్థం పూర్తిగా మానకూడదు. బండి నడిపే ముందు ఒకసారి షుగర్ చూసుకోవాలి.

మళ్లీ వణుకు వస్తే వెంటనే వేలి పరీక్ష చేయండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, అంటే నిండుగా మూడు చిన్న చెంచాలు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా 70 దాటకపోతే అంతే మరోసారి ఇవ్వండి. దాటాక ఒక ఇడ్లీయో గ్లాసు పాలో ఇవ్వండి. ఎందుకంటే గ్లిమిపిరైడ్ ఒంట్లో చాలా గంటలు ఉంటుంది, షుగర్ మళ్లీ పడొచ్చు. ఈ సమయంలో లడ్డూ, చాక్లెట్ పనికిరావు. వాటిలోని నెయ్యి, కొవ్వు తీపిని రక్తంలోకి త్వరగా చేరనివ్వవు. ఒకసారి మాత్రల అట్ట వెనక పేర్లు చదవండి. వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే పంచదార నీళ్లు కూడా ఆలస్యంగానే పనిచేస్తాయి, గ్లూకోజ్ పొడే కావాలి. మీటరు దగ్గర లేకపోతే పరీక్ష కోసం ఆగొద్దు, ముందు తాగించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే పేర్లు కూడా ఆ అట్టల మీద వెతకండి. అవి వాడుతూ పిండిపదార్థాలు మరీ తగ్గిస్తే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, ప్రమాదకరంగా పేరుకోవచ్చు. అప్పుడు షుగర్ మామూలుగానే కనబడుతుంది కాబట్టి మనకు అనుమానమే రాదు. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఆలస్యం చేయకూడదు. ఇక టెల్మిసార్టన్. పిండిపదార్థాలు తగ్గిన తొలి వారాల్లో ఒంట్లోంచి ఉప్పూ నీరూ ఎక్కువగా పోతాయి, బీపీ కూడా దిగుతుంది. కూర్చుని లేచినప్పుడు కళ్లు తిరుగుతుంటే అదీ చెప్పండి. బీపీకి మంచిదని ‘తక్కువ సోడియం’ ఉప్పు మాత్రం కొనకండి. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్ వాడేవారికి పొటాషియం పేరుకునే ప్రమాదం ఉంది. గుడ్లు, చికెన్ పెంచే ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీలు దెబ్బతిని ఉంటే కింద రాసిన కొలతలు మీ వారికి వర్తించవు.

ఇప్పుడు కొర్రల లెక్క. వంద గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. కొర్రల్లో 60కి కాస్త పైన. రాగుల్లో, జొన్నల్లో, గోధుమపిండిలో 65 నుంచి 72. మీ వారికి మధ్యాహ్నం 120 గ్రాముల కొర్రలు వండారనుకుందాం, దాంట్లోనే 75 గ్రాముల దాకా వచ్చింది. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీకి 20 చొప్పున నాలుగింటికి 80. పొద్దున 40 గ్రాముల రాగిపిండి జావలో 28. పప్పు, పాలు, కాఫీ కలిపితే రోజుకు 200 దాటింది. కొర్రల్లో పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతాయి, నిజమే. కానీ మీ ఇంట్లో గింజ పేరు మారిందే తప్ప రాశి మారలేదు. అన్నిటికంటే జావ దండగ. మెత్తటి పిండి, నీళ్లలో బాగా ఉడికినది, నమిలే పని లేకుండా గొంతు దిగేది. అది షుగర్‌ని గబుక్కున పెంచకపోతేనే ఆశ్చర్యం.

అలా 200 దగ్గర ఉన్న మనిషి ఒక్కసారిగా 40కి దూకారు. రెండూ వద్దు. రోజుకు 130 గ్రాముల లోపు ఉంటే పిండిపదార్థం తక్కువ తిండి కిందికే వస్తుంది. మాత్ర మోతాదు సవరించాక పూటకు 25 నుంచి 30 గ్రాములు పెట్టండి. పాలు, పెరుగు, కూరగాయలు, పల్లీల నుంచి వచ్చేది మరో 20, 25. మొత్తం వంద, కాస్త అటూఇటూ. కొన్నేళ్ల కిందట మన దగ్గర బాగా వినబడిన వీఆర్‌కే (వీరమాచనేని రామకృష్ణ) పద్ధతిలోలా 70, 100 గ్రాముల నూనె తాగడం దీనికి అక్కర్లేదు. అది ధాన్యాన్ని దాదాపు సున్నా చేసి కొవ్వు మీద నడిపే లెక్క. సగం ఇదీ సగం అదీ కలిపి అన్నమూ తిని నూనే తాగినవారికి బరువు పెరగడం తప్ప ఏం రాదు.

వంటింటి కాటా ఒకటి కొనండి, గ్రాము తేడా చూపించేది. నెల రోజులు తూస్తే తర్వాత కంటితోనే తెలుస్తుంది. వండిన అన్నం 100 గ్రాములకు 28 గ్రాముల పిండిపదార్థం. ఇడ్లీ ఒకటికి సుమారు 10. కందిపప్పు 30 గ్రాములు ఉడికిస్తే ఒక కప్పు పప్పు, అందులో 17. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు, పప్పును ప్రొటీన్ అనుకుని లెక్కలోంచి తీసేస్తారు. పప్పు వండిన రోజున అన్నం 50 గ్రాములు, పప్పు లేని రోజున 100 గ్రాములు. ఈ ఒక్కటి గుర్తుంటే మధ్యాహ్నం పూట గడిచిపోతుంది. తినే వరుస కూడా తిరగేయండి. మనం పచ్చడి ముద్దతో మొదలుపెట్టి అన్నంలోనే అన్నీ కలుపుకుంటాం. ఆయన ముందు కూర, గుడ్డో చేపో తినేసి, చివర్లో అన్నం పప్పుతోనో పెరుగుతోనో తినాలి. అదే తిండి, అదే కొలత, అయినా తిన్నాక షుగర్ తక్కువ పెరుగుతుంది.

ఇక కడుపులో మంట. దీనికి కారణం చాలావరకు మన కూరల తీరులోనే ఉంది. తెలుగింట్లో కూర అన్నంలో కలపడానికి వండేది. ఉప్పు, కారం, పులుపు, నూనె అన్నీ ఆ చప్పటి అన్నాన్ని లెక్కలో పెట్టుకుని పడతాయి. అరకిలో బెండకాయ వేపుడుకు చెంచాన్నర ఉప్పు వేశారనుకోండి. నలుగురూ అన్నంలో నంజుకుంటే ఏమీ కాదు. ఆయన ఒక్కరే అందులో సగం గిన్నెలో పెట్టుకుని చెంచాతో తింటే ఒక్క పూటకే నాలుగు గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. దానికి తోడు కారం ఉత్త కడుపులో పడుతోంది. మంట పుట్టక ఏమవుతుంది?

మీ రెండు వంటల బాధకూ దారి ఇదే. కూర ఒకటే వండండి, రెండింతలు వండండి. ఉప్పు, కారం మామూలుగా వేసేదాంట్లో సగమే వేసి దించే ముందు ఆయన వాటా ముందు తీసేయండి. ఆ తర్వాత మిగిలిన కూరలో మిగతా ఉప్పు, కారం వేసి రెండు నిమిషాలు మగ్గనివ్వండి, అది అత్తయ్యగారికీ పిల్లలకీ. వేపుళ్లకైతే ఇంకా తేలిక, వాటిలో కారం పడేదే చివర్లో. పిల్లల అన్నం తగ్గించే పని లేదు, ఎదిగే ఒంటికి అది కావాలి.

ఆయన గిన్నెలో పూటకు 200 నుంచి 250 గ్రాముల కూరగాయ ఉండాలి. బీర, సొర, పొట్ల, దొండ, బెండ, వంకాయ, కాకర, క్యాబేజీ, గోరుచిక్కుడు, ఆకుకూరలు ఏవైనా సరే. బంగాళాదుంప, చామదుంప, కంద, చిలగడదుంప, అరటికాయ మాత్రం అన్నం లెక్కలోవి. దాంతోపాటు రెండు గుడ్లో, 100 నుంచి 125 గ్రాముల చేపో చికెనో, 75 గ్రాముల పనీరో ఉండాలి. మీల్‌మేకర్ అయితే పొడిగా 25 గ్రాములు చాలు, అందులో 13 గ్రాముల ప్రొటీన్ ఉంది. వేడి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, పిండి, చల్లనీళ్లలో వేసి మళ్లీ పిండితే పచ్చి వాసన పోతుంది. ఒక్కసారి పిండి వదిలేస్తే కూరంతా ఆ వాసనే.

గోదావరి జిల్లాల్లో బీరకాయ రొయ్యలు, బీరకాయ గుడ్డు ఎప్పటి నుంచో ఉన్నవే. చెంచాతో తినడానికి వాటిని మించినవి లేవు. లేత బీరకాయలు అరకిలో, గుడ్లు నాలుగు తీసుకోండి. రెండు చెంచాల నూనెలో తాలింపు, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిర్చి వేగాక ముక్కలు వేసి, మూత పెట్టి ఎనిమిది నిమిషాలు మగ్గించండి. నీళ్లు పోయొద్దు, అదే వదులుతుంది. తర్వాత మూత తీసి మంట పెంచి ఆ నీరు మూకుడు అడుగున కనబడనంత వరకు ఇగరనివ్వాలి. అప్పుడు నాలుగు చోట్ల జాగా చేసి గుడ్లు కొట్టి, ఒక నిమిషం గరిటె పెట్టకుండా వదిలేయండి. తెల్లసొన గట్టిపడ్డాక పెద్ద ముక్కలుగా తిప్పండి. నీరు ఉండగా గుడ్డు కొడితే, లేదా కొట్టగానే కలియబెడితే గుడ్డు నీళ్లలో కరిగి బూడిదరంగు ముద్దవుతుంది. దించాక చెంచాడు నువ్వుల పొడి చల్లండి.

పప్పుకూర నిష్పత్తి తిరగేయండి. నలుగురికి 100 గ్రాముల కందిపప్పు, అరకిలో తోటకూరో పాలకూరో సొరకాయో. గోంగూర అంత వేస్తే పులుపు తినలేరు, దాంట్లో సగం తోటకూర కలపండి. చేపల పులుసుకు నిమ్మకాయంత చింతపండు పడితే అందులో పిండిపదార్థం 15 గ్రాముల లోపే, నలుగురికీ పంచితే లెక్కలోకి రాదు. పులుసులో వేసే బెల్లం ముక్కే చేటు. చిక్కదనానికి బియ్యప్పిండి బదులు వేయించిన నువ్వుల పొడి వేయండి.

పొద్దున జావ స్థానంలో పెసరట్టు. పొట్టు పెసలు 200 గ్రాములు ఆరేడు గంటలు నానబెట్టండి. చాలా ఇళ్లలో గుప్పెడు బియ్యం కలుపుతారు, అది వద్దు. బియ్యం లేని పిండి పెనానికి అంటుకుంటుందన్న ఫిర్యాదు తరచూ వినబడుతుంది. తప్పు పిండిది కాదు, పెనానిది. పెనం బాగా కాగాక నీళ్లు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది, మంట తగ్గించి అట్టు పోయాలి. పోశాక మంట పెంచాలి. అంచులు వాటంతటవే లేచేదాకా అట్లకాడ పెట్టకూడదు. పిండి పెసలు నానిన పొద్దునే రుబ్బాలి. రాత్రి రుబ్బి పెడితే పులిసి పల్చబడి అట్టు విరిగిపోతుంది. ఈ కొలతకు ఐదారు అట్లు వస్తాయి, ఒక్కోదానిలో 20 గ్రాముల పైచిలుకు పిండిపదార్థం. అంటే ఆయనకు ఒక్కటి, దాని మీద ఒక గుడ్డు కొట్టి, ఉల్లి, అల్లం, మిర్చి చల్లి. లోపల ఉప్మా వద్దు. బెల్లం వేసిన అల్లం పచ్చడి బదులు పల్లీ పచ్చడో కొబ్బరి పచ్చడో. ఒక్క అట్టుకు కడుపు నిండలేదంటే రెండో అట్టు వేయకండి, రెండో గుడ్డు వేయండి.

అన్నంలా కనిపించేది ఏదైనా కావాలంటే కాలీఫ్లవర్ ఉంది. అయితే అది పులిహోరకూ, గుడ్డు కలిపిన వేపుడు అన్నానికీ బాగుంటుంది గానీ సాంబారు పోసి కలిపితే తినలేం, ఆ ప్రయత్నం చేయకండి. ఇద్దరికి 500 గ్రాముల పువ్వు. విడదీసి, పసుపు, ఉప్పు వేసిన వేడినీళ్లలో ఐదు నిమిషాలు ముంచితే పురుగులుంటే తేలతాయి. తర్వాత పొడిబట్ట మీద అరగంట ఆరబెట్టాలి. తొందరలో అందరూ వదిలేసేది ఈ అరగంటే, పులిహోర ముద్దగా వచ్చేదీ ఇందుకే. ఆరాక తురుముకోండి, లేదా మిక్సీలో కొంచెం కొంచెంగా రెండు మూడు తిప్పులు తిప్పి ఆపండి, మించితే పిండవుతుంది. వెడల్పు మూకుట్లో చెంచాడు నూనె వేసి, పెద్ద మంట మీద మూత పెట్టకుండా నాలుగైదు నిమిషాలు వేయించండి. ఉప్పు ముందే వేస్తే నీరు వదులుతుంది, దించాకే వేయండి. పులిహోర పోపు విడిగా చేసి, స్టవ్ ఆపాక నిమ్మరసంతో సహా కలపండి. చింతపండైతే నూనె పైకి తేలేదాకా దగ్గరపడ్డ గుజ్జే వాడాలి. ఇంత గిన్నెడుకూ ఒక మనిషి వాటాలో 12, 13 గ్రాముల పిండిపదార్థమే.

మలబద్ధకానికి పైన చెప్పిన కూర, ఆకుకూర కొలతలే సగం మందు. మిగతా సగానికి అవిసె గింజలు చిటపటలాడేదాకా వేయించి, ఎండుమిర్చి ఒకటి రెండు, జీలకర్ర, వెల్లుల్లితో పొడి కొట్టి పూటకు ఒక చెంచా కూర మీద చల్లండి. నీళ్లు సరిపడా తాగకుండా అవిసెలు తింటే మలబద్ధకం ఇంకా బిగుస్తుంది, అది మరవకండి.

పరగడుపు 150 గురించి కంగారు వద్దు, దానికోసం రాత్రి తిండి ఇంకా కోయకండి. తెల్లవారుజామున కాలేయమే గ్లూకోజ్ విడుదల చేస్తుంది. రాత్రి ఏమీ తినకపోయినా ఆ అంకె పెరిగే ఉంటుంది. ముందు దిగేవి తిన్న తర్వాతి అంకెలు, పరగడుపుది అన్నిటికంటే ఆఖరున దిగుతుంది. రాత్రి భోజనం ఏడున్నర లోపు ముగించి, 15 నిమిషాలు నడిస్తే కొంత సాయం. ఒకటి రెండు రాత్రులు మూడింటికి లేచి షుగర్ చూడండి. అప్పుడు 70 దగ్గర ఉంటే సంగతి వేరే, రాత్రి మాత్ర గురించి కూడా డాక్టరు గారితో మాట్లాడాలి.

మొదటి రెండు వారాలు రోజుకో పూట చొప్పున, తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి రెండు గంటలకు ఒకసారి కొలిచి, ఏం తిన్నారో పక్కన రాయండి. రెండు అంకెల మధ్య తేడా 40, 50 లోపు ఉంటే ఆ పూట పళ్లెం ఆయనకు పడినట్టే. 80 దాటితే అన్నమో పప్పో తూకం తప్పింది. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు చేయించండి, ముందే చేయిస్తే పాత కొర్రల రోజులే అందులో కనిపిస్తాయి. ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి బీ12 కూడా అప్పుడే చూపించండి.

ఆదివారం బిర్యానీ సంగతి మీరు అడగలేదు, అయినా వస్తుంది. ముందు ఉల్లిపాయ, కీరా పెరుగు పచ్చడి ఒక గిన్నె, తర్వాత ముక్కలు 150 గ్రాములు, ఆ తర్వాత కాటా మీద తూచి 100 గ్రాముల రైస్. బిర్యానీ గిన్నె భోజనాల బల్ల మీద పెట్టకండి, వంటింట్లోనే ఉంచి వడ్డించండి.